హంతకురాలి పేరు చెప్పిన థెల్మా

ఎనిమిదిన్నరకి వీధి తలుపు కన్నంలోంచి రెండు కవర్లు చాప మీద పడ్డాయి. సిరిల్ లేచి వెళ్ళి తెచ్చాడు. విత్తనాల కేటలాగు తన కంచం పక్కన పెట్టుకున్నాడు. రెండోది థెల్మా కంచం పక్కన పెట్టాడు. ఆపైన కుర్చీలో కూర్చుని, ఏమీ ఎరగనట్టు టోస్టుకి మార్మలేడ్ రాయడం మొదలుపెట్టాడు.

థెల్మా కవరు తిప్పి చూసింది. ఇందులో పరిశోధించాల్సింది ఏమీ లేదు. నిన్న మధ్యాహ్నమంతా పై గదిలో టైపు మిషన్ టకటకలాడుతూనే ఉంది. ఐదింటికి సిరిల్ వాన కోటు వేసుకుని మూల మీద పోస్టు డబ్బా దాకా వెళ్ళొచ్చాడు. ఎక్కడికని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

"దీన్ని టైపు చేసింది నువ్వేగా?" అంది.

"కార్యదర్శిగా చేశాను."

"పోస్టులో వేసింది కూడా నువ్వేగా?"

"ఎనిమిదో నిబంధన. సభ్యులకి నోటీసు పోస్టులోనే పంపాలి."

"మెట్లు దిగొచ్చి నా చేతిలో పెడితే ఏం పోయింది?"

"అప్పుడది నోటీసు అవదు థెల్మా. మాట అవుతుంది."

"అయితే ఆ మాటే అని ఉండొచ్చుగా! ముప్ఫై తొమ్మిదేళ్ళ బట్టి మొగుడివి. నాతో మాట్లాడ్డానికి స్టాంపు కావాల్సొచ్చిందా నీకు?"

సిరిల్ టోస్టు కొరికాడు. పళ్ళ కింద అది కరకరలాడింది.

థెల్మా వెన్న కత్తితోనే కవరు చింపింది. "మూసిన తలుపు" పాఠకుల సంఘం, మాల్వర్న్. గత మంగళవారం పక్క ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగంలో, "ఆష్కోమ్‌లో మూడో కొవ్వొత్తి" నవలలోని హంతకులెవరో శ్రీమతి థెల్మా హెబ్డన్ బహిరంగంగా వెల్లడించారని సంఘం దృష్టికి వచ్చింది. శనివారం వార్షిక సభలో ఆమె ముందుగా క్షమాపణ చెప్పాలి. చెప్పని పక్షంలో ముగింపు ప్రసంగం వేరొకరికి అప్పగించబడుతుంది. ఇట్లు, భవదీయుడు, సి. హెబ్డన్.

"భవదీయుడట!" అంది థెల్మా.

ఈ దేశంలో మనుషులు చాలా పాపాలు క్షమిస్తారు. భార్యని వదిలేసి పోయినవాణ్ణి మళ్ళీ టీకి పిలుస్తారు. వరస తప్పించి బస్సెక్కినవాణ్ణి కూడా గొణుక్కుని ఊరుకుంటారు. కానీ పాత నేరపరిశోధక నవలలంటే ప్రాణం పెట్టే ఈ సంఘం సభ్యులు నూట నలభై మంది దగ్గర మాత్రం హంతకుడి పేరు బయటపెట్టిన నోటికి క్షమాపణ లేదు. థెల్మాకి ఇది తెలియదనడానికి లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ సంఘం సభల్లో ముగింపు ప్రసంగం ఆమెదే. ఆరు పుస్తకాలు రాసింది. విషాల గురించి, రైళ్ళ వేళల గురించి, వీలునామాల గురించి, తాళం వేసిన గదుల గురించి రాసింది. ఏ ఒక్క చోటా ముగింపు చెప్పకుండా, ప్రతి నవల చుట్టూ ప్రదక్షిణాలు చేసి వచ్చేసింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు రాస్తున్న ఏడో పుస్తకం అలాంటిది కాదు. అదే వచ్చిన చిక్కు.

"ఆ మిస్ లూకర్‌కి ఎనభై రెండేళ్ళు," అన్నాడు సిరిల్. "ఆ నవల్లో నూట నలభయ్యో పేజీలో ఉందట పాపం. మంగళవారం నీ ఎదురుగా రెండో వరసలో కూర్చుంది. నువ్వు టపీమని చెప్పేశావు. ఆవిడ గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది."

"ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. బుధవారం ఫ్రూట్ కేకు చేసి పట్టుకెళ్ళాను, గొడుగు కూడా ఇచ్చొచ్చాను. కేకు తీసుకుంది. క్షమాపణ మాత్రం తీసుకోలేదు. అది ఆవిడకీ నాకూ మధ్య సంగతి. సంఘానికి ఎందుకు చెప్పాలి?"

"నియమం కాబట్టి."

"ఆ నియమం వల్లే కదా ఇన్నాళ్ళూ నేను అసలు విషయం చెప్పలేకపోయింది! రెండు వందల పన్నెండు నవలలు లెక్క తీశాను సిరిల్. పెద్దింటివాడు హత్య చేస్తే పరిశోధకుడు ఏం చేస్తాడు? వాడి గదిలో పిస్తోలు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, బయటికొచ్చి సిగరెట్టు కాలుస్తాడు. లోపల ఢామ్మంటుంది. పరువు నిలిచింది, ఇంటి పేరు పేపర్లోకి ఎక్కలేదు. అదే పనిమనిషి చేస్తే? పోలీసు బండి, కోర్టు, ఉరితాడు. ఒక్క నవల్లో, ఒక్కదాంట్లో, పనిపిల్ల చేతికి పిస్తోలిచ్చి తలుపు వేసినవాడు ఉన్నాడా? లేడు. ఈ మాట చెప్పాలంటే ముగింపులు చెప్పకుండా ఎలా చెప్పను?"

"పుస్తకంలో రాసుకో. ముందే హెచ్చరిక వేసుకో."

"చదివేవాళ్ళు చదువుతారు. నాకు ఆ నూట నలభై మందితో ముఖాముఖి అనాలని ఉంది. మనందరం నలభై ఏళ్ళుగా చప్పట్లు కొట్టింది దేనికో ఒకసారి చూసుకోండి అని."

సిరిల్ కేటలాగు తెరిచాడు. చిక్కుడు గింజల పేజీ. చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

"నాలుగింటికి ప్రెవెట్ గారు టీకి వస్తున్నారు," అన్నాడు చివరికి. "కాస్త మర్యాదగా ఉండు."

"అలాగే కార్యదర్శి గారూ. తమరు చెప్పినట్టే."

అతన్ని తమరు అని థెల్మా పిలిచిందంటే ఆ ఇంట్లో ఇక ఆ పూటకి మాటల్లేవని అర్థం. సిరిల్ తోటలోకి పోయి, వానలోనే, తవ్వాల్సిన అవసరం లేని చోట తవ్వుతూ కూర్చున్నాడు.

ప్రెవెట్ గారు సరిగ్గా నాలుగింటికి వచ్చారు. సంఘానికి అధ్యక్షుడు, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పళ్ళ డాక్టరుగా ఈ ఊరి పళ్ళు పీకారు. ఇప్పటికీ ఎదుటివాళ్ళతో మాట్లాడేటప్పుడు చూపు కళ్ళ మీద కాక నోటి మీదే ఉంటుంది. మెడకి చుక్కల బో టై, చేతిలో చిన్న అట్ట ముక్క.

స్కోన్లు తిన్నారు. వాన గురించి మాట్లాడారు. టీ రెండోసారి పోయించుకున్నాక అట్ట ముక్క బల్ల మీద పెట్టి, ఒక వేలితో థెల్మా వైపు జరిపారు.

"రెండే రెండు వాక్యాలు, థెల్మా గారూ. చదివేస్తే పది సెకన్లు పట్టదు. తర్వాత మీ ప్రసంగం మీరు చేసుకోండి."

థెల్మా కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చదివింది. "'మాటల ఉత్సాహంలో ఒళ్ళు మరిచి నోరు జారాను. సభ్యులందరూ పెద్దమనసుతో మన్నించగలరు.' బాగుంది. ఇది ఎవరు రాశారు?"

ప్రెవెట్ గారు సిరిల్ వైపు చూశారు. సిరిల్ టీ కుండ మీద ఉన్ని టోపీ సర్దాడు.

"ఓహో," అంది థెల్మా. "బాగానే రాశాడు. కానీ ఇందులో ఒక అబద్ధం ఉంది ప్రెవెట్ గారూ. నేను ఒళ్ళు మరవలేదు. నోరు జారలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకునే, ఒక్కొక్క అక్షరం తూచే చెప్పాను. ముందు రోజు అద్దం ముందు నిలబడి చెప్పుకుని మరీ వెళ్ళాను."

"అమ్మా..."

"పనిపిల్ల నెల్లీ చంపింది. పాలలో విషం కలిపింది. అలా అన్నాను. మళ్ళీ అంటాను."

ప్రెవెట్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆ నవల పదిసార్లు చదివినవారే. అయినా గట్టిగా ఆ పేరు వినపడేసరికి ఎవరో చెంప మీద కొట్టినట్టు మొహం పెట్టారు.

"మా ఆవిడ సంగతి మీకు తెలుసు," అన్నారు మెల్లగా. "ఆఖర్న ఆస్పత్రిలో ఒక నవల చదువుతుండేది. చేతిలో బలం లేదు, రోజుకి మూడు పేజీలు. నాకు ముగింపు తెలుసు. చెప్పనా అన్నాను. వద్దంది. రేపు చదువుకుంటానంది. ఆ రేపు కోసం నాలుగు రోజులు ఎక్కువ బతికింది. డాక్టరు కూడా అదే అన్నాడు. ముగింపు తెలియకపోవడమంటే అదమ్మా. దాన్ని మీరు ఒక్క ముక్కతో లాగేసుకుంటే ఎలా?"

ఆ మాట థెల్మాకి గుచ్చుకుంది. మంచి మనిషి చెప్పిన మంచి మాటకి ఎదురు చెప్పడం, చెడ్డవాడితో పోట్లాడ్డం కన్నా కష్టం.

"మీ ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉంటే నేనూ నోరు కుట్టేసుకునేదాన్ని," అంది. "దేవుడి తోడు. కానీ ఆ నవల వచ్చి డెబ్భై ఏళ్ళు దాటింది. ఆ నెల్లీ గురించి ఎవరైనా ఒక్క మాట మాట్లాడారా? దాన్ని ఉరి తీస్తారు, ఆ పక్క పేజీలోనే ఇంటివాళ్ళు టిఫిను చేస్తుంటారు. కొత్త పనిపిల్ల టీ తెస్తుంది. ఆ కొత్తదానికి పేరు కూడా పెట్టలేదు రాసినవాడు. మనం దాన్ని 'చక్కటి ముగింపు' అన్నాం. నేనే అన్నాను, నా రెండో పుస్తకంలో! ఏమిటా చక్కదనం అని ఎవరూ అడక్కుండా మన నియమం కాపలా కాసింది."

"అంటే చదవరా ఇది?"

"చదవను."

ప్రెవెట్ గారు అట్ట ముక్క తీసి జేబులో పెట్టుకున్నారు. లేచి నిలబడ్డారు. కోటు తొడుక్కుంటూ, తలుపు దగ్గర, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు అన్నారు:

"అయితే ముందు అనుకున్నట్టే కానిద్దాం సిరిల్. శనివారం మీరే మాట్లాడండి. రైళ్ళ వేళల మీద అన్నారుగా, అది చాలు. సభ్యులకి రైళ్ళంటే ఇష్టం."

తలుపు మూసుకుంది. సిరిల్ అక్కడే నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలా.

"ముందు అనుకున్నట్టే," అంది థెల్మా. "ముందంటే ఎప్పుడు?"

"ఆదివారం. కమిటీలో."

"ఆదివారం నుంచి నాతో పాటు ఈ బల్ల దగ్గరే కూర్చుని తింటున్నావు."

"నువ్వు ఒప్పుకుంటావనుకున్నాను. ఒప్పుకుంటే ఈ సంగతి నీకు తెలియాల్సిన పనే ఉండదనుకున్నాను."

"నా మైకు ముందు నువ్వు. నా ఇరవై రెండేళ్ళ చోట్లో. ఇంకెవరైనా అయితే నేను నవ్వి ఊరుకునేదాన్ని సిరిల్."

ఆమె కప్పులన్నీ ట్రేలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పింది. అతను వెనకాలే వచ్చి తుడిచే గుడ్డ అందుకున్నాడు. వాళ్ళింట్లో ఎంత పోట్లాట జరిగినా ఆమె కడుగుతుంది, అతను తుడుస్తాడు. రెండు కప్పులు తుడిచి పక్కన పెట్టాడు.

"ఒక పనిపిల్ల కోసం," అన్నాడు చివరికి. "కాగితం మీది పనిపిల్ల. దాని కోసం నీ పేరంతా పాడుచేసుకుంటున్నావు. అది నాకు అర్థం కావడం లేదు."

"అర్థం కాదు. ఎందుకంటే నేను చెప్పబోయిన రెండుసార్లూ నువ్వు విన్లేదు."

"ఏం చెప్పబోయావు?"

థెల్మా సబ్బు చేతులు అలాగే తొట్లో ఉంచింది. అతని వైపు తిరగలేదు.

"మా అమ్మ పెళ్ళికి ముందు తొమ్మిదేళ్ళు పెద్దింట్లో పనిచేసింది కదా. వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ ఒక పెట్టె నిండా చదివి పారేసిన నవలలు ఇచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు మేజోళ్ళు కుట్టుకుంటూ నాకు అవి పైకి చదివేది. నాకు ఏడేళ్ళు. ఒక్కటీ మర్చిపోలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరాక అవే నవలలు అల్మారాలో కనపడ్డాయి. సరదాగా తీసి ఆఖరి పేజీలు చూశాను. ముగింపులు వేరు."

"వేరంటే?"

"మా అమ్మ మార్చేసింది సిరిల్. పనిపిల్ల హంతకురాలయిన ప్రతి నవల్లోనూ, పుస్తకం చేతిలో పట్టుకుని, కళ్ళు అక్షరాల మీదే ఉంచి, వేరే ముగింపు చదివింది. తడుముకోలేదు. 'మూడో కొవ్వొత్తి'లో అయితే ఆ పెద్దింటి కర్నల్‌ని పట్టించింది. వీధి తలుపులోంచి, బేడీలేసి, అందరూ చూస్తుండగా నడిపించింది వాణ్ణి."

సిరిల్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"అమ్మ ఏయే పుస్తకాలు మార్చిందో వెతకడానికే నేను ఇవన్నీ చదవడం మొదలుపెట్టాను. రెండు వందల పన్నెండు. జనం నన్ను పండితురాలన్నారు. నేను మా అమ్మ అబద్ధాలు ఏరుకుంటున్నాను, అంతే."

"ఇన్నేళ్ళలో నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్పబోయాను. పెళ్ళయిన మూడో రోజు, సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళే రైల్లో. 'మా అమ్మ ఒక నవల చదివేది, మూడో కొవ్వొత్తి అని, అందులో హంతకుడు' అన్నానో లేదో, నువ్వు రెండు చేతులతో చెవులు మూసుకున్నావు. 'ఆగాగు, అది నేనింకా చదవలేదు!' అన్నావు. నేను నవ్వాను. అప్పటికి నవ్వొచ్చింది."

"రెండోసారి?"

"అమ్మని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం. ఇంకో నవల గురించి మొదలుపెట్టాను. 'అయ్యో, దాంట్లో ఇంకా సగంలోనే ఉన్నానే' అన్నావు. చాలా మర్యాదగానే అన్నావు. తర్వాత ఇంక చెప్పాలనిపించలేదు."

సిరిల్ కప్పు బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచి మనిషే. ముప్ఫై ఏళ్ళు బళ్ళో భూగోళం చెప్పాడు, ఒక్క పిల్లాడి మీద చెయ్యెత్తలేదు. ఒక మనిషి ముప్ఫై తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఎదుటి మనిషి సంగతి సగమే చదివి అట్ట మూసేయగలడని అతనికి ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"ప్రెవెట్ గారికి ఫోను చేస్తాను," అన్నాడు. "నేను మాట్లాడనని చెప్తాను."

"వద్దు. నువ్వు మానుకుంటే ఇంకొకణ్ణి పెడతారు. నాకు నీ జాలి అక్కర్లేదు. నువ్వే ఎక్కు. నీ రైళ్ళు నువ్వు నడుపుకో. నేను మొదటి వరసలో కూర్చుంటాను."

"ఊరికే కూర్చోవడానికి నువ్వు రావు."

"రాను."

కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. అతను ఇంకా స్టూలు మీదే ఉన్నాడు, నేల చూపులు చూస్తూ. కాసేపటికి తలెత్తాడు.

"థెల్మా. కర్నల్‌ని తీసుకుపోయారు, సరే. మరి ఆ పిల్ల? నెల్లీ? మీ అమ్మ చెప్పినదాంట్లో చివరికి దాన్ని ఏం చేసింది?"

పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి సిరిల్ హెబ్డన్ ఒక కథ ముగింపు తనంతట తానే అడిగాడు. థెల్మా గుండె ఒక్క క్షణం కరిగింది. చెప్పేద్దామనే అనుకుంది. నోరు కూడా తెరిచింది. అంతలో ఆ నూట నలభై కుర్చీలు కళ్ళ ముందు కనపడ్డాయి.

"వంటింట్లో చెప్పను," అంది. "శనివారం మైకు నీ చేతిలోనే ఉంటుందిగా. అందులో అడుగు. పేరు పెట్టి పిలిచి, అందరూ వింటుండగా అడుగు. లేచి నిలబడి చెప్తాను."

"అది... అది నియమానికి..."

"తెలుసు."

"నేనే కార్యదర్శిని థెల్మా! నోటీసు మీద సంతకం నాది!"

"అదీ తెలుసు."

"అడక్కపోతే?"

"అడక్కపోతే నీకు ఆ ముగింపు ఎప్పటికీ తెలియదు సిరిల్. అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నాకిప్పుడు అరవై మూడేళ్ళు."

ఆమె ఏప్రన్ విప్పి మేకుకి తగిలించి, ముందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.